కౌంటరు వెనక ఒక కుర్చీ



ఈ రోజు మీతో మందుల షాపు గురించి మాట్లాడదామని వచ్చాను. మందుల ధరల గురించి కాదు. నకిలీ మందుల గురించీ కాదు. ఆ షాపులో కౌంటరు వెనక నిలబడి, మీ చీటీ అందుకుని, వెనక్కి తిరిగి అరలోంచి మందు తీసి, మీ చేతిలో పెడతారే, ఆ మనిషి గురించి. ఫార్మసిస్టు గురించి.

ఆ మనిషి ముఖం మనకు గుర్తుండదు. తప్పు మనది కూడా కాదు లెండి. ఇంట్లో పిల్లకు జ్వరం. బయట బండి ఇంజను ఆపకుండానే నిలబెట్టి వస్తాం. కౌంటరు ముందు నలుగురు. ఆ నలుగురి భుజాల మీదుగా చెయ్యి చాపి, "కొంచెం త్వరగా చూడండి" అంటాం. కవరు చేతికి రాగానే బండెక్కుతాం.

కానీ ఒక్క మాట ఆలోచించండి. డాక్టరు రాసిన మందుకూ, మనం మింగే మందుకూ మధ్య ఆఖరిసారిగా చూసే కళ్ళు ఎవరివి? ఆ ఫార్మసిస్టువే. ఆ కళ్ళు దాటితే ఇంక చూసేవాళ్ళు లేరు. ఈ ఆఖరి కళ్ళ మాట ఇంకో రెండు మూడుసార్లు అంటాను. విసుక్కోకండి.

ఒక ఉదాహరణ చెబుతాను. కీళ్ళవాతం ఉన్నవాళ్ళకు డాక్టర్లు మెథోట్రెక్సేట్ అనే మాత్ర రాస్తుంటారు. చిన్న మాత్ర. దాన్ని వారానికి ఒక్కసారే వేసుకోవాలి. రోజుకు ఒకసారి కాదండీ, వారానికి ఒకసారి. మన ఇళ్ళల్లో మాత్ర అంటే పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. వారానికి ఒకటనే లెక్క మనకు అలవాటు లేదు. అందుకే పొరపాటున దాన్ని రోజూ వేసుకుని ఆసుపత్రి పాలైనవాళ్ళు ఎన్నో దేశాల్లో ఉన్నారు. ముందు నోరంతా పూస్తుంది. అన్నం మింగుడుపడదు. తర్వాత రక్తకణాలు పడిపోతాయి. ప్రాణం మీదికి వస్తుంది.

అలాంటి చీటీ వచ్చినప్పుడు ఒక మంచి ఫార్మసిస్టు ఏం చేస్తాడో వినండి. షీటు కవరులో వేసేముందు పెన్ను తీస్తాడు. కవరు మీద పెద్ద అక్షరాలతో "బుధవారం మాత్రమే" అని రాస్తాడు. రాసి ఊరుకోడు. "ఏ రోజు వేసుకుంటారమ్మా?" అని అడుగుతాడు. ఆవిడ తన నోటితో "బుధవారం బాబూ" అనేదాకా కవరు వదలడు. అంతా కలిపితే రెండు నిమిషాల పని.

ఆ రెండు నిమిషాలు ఎక్కడి నుంచి రావాలి? ఇవాళ నేను అడగదలుచుకున్న ప్రశ్న అదే.

నేను చాలా ఏళ్ళు డిప్లొమా పిల్లలకు ఫార్మసీ పాఠాలు చెప్పాను. నా దగ్గర చదువుకున్న ఒకమ్మాయి, పేరు చెప్పను, ఒక పట్టణంలో మెడికల్ షాపులో పని చేస్తోంది. పొద్దున తొమ్మిదిన్నరకు షాపులో ఉండాలి. రాత్రి పదింటికి షట్టరు వేశాక ఇంటికి. మరి భోజనం ఎలాగే అని అడిగాను. "కౌంటరు కింద డబ్బా పెట్టుకుంటాను మేడమ్, రెండు ముద్దలు తిని లేస్తాను, మళ్ళీ వచ్చి ఇంకో రెండు ముద్దలు" అంది. షాపులో బాత్‌రూమ్ లేదు. పక్క సందులో తెలిసినవాళ్ళ ఇల్లుంది కాబట్టి సరిపోయింది. "అందుకే నీళ్ళు తక్కువ తాగుతాను" అంది. మూత్రంలో మంట అని వచ్చినవాళ్ళకు నీళ్ళు బాగా తాగండమ్మా అని రోజూ చెప్పే పిల్ల ఈ మాట అంది.

పన్నెండున్నర గంటలు. వారానికి ఆరు రోజులు. అంటే 75 గంటలు. మన రాష్ట్రాల్లో దుకాణాల చట్టం 1988 నాటిది. అందులో దుకాణంలో పనిచేసేవాళ్ళకు వారానికి 48 గంటలని రాసి ఉంది. మందుల షాపు కూడా దుకాణమే. 48 ఎక్కడ, 75 ఎక్కడ!

షాపు కొలత కూడా చెప్పుకోవాలి. రిటైల్ మందుల షాపుకు లైసెన్సు కావాలంటే కనీసం 10 చదరపు మీటర్ల చోటుండాలి. అంటే మన ఇళ్ళల్లో ఒక చిన్న పడగ్గదంత. ఆ గదిలో మూడు వైపులా అరలు, ఫ్రిజ్, బిల్లు కొట్టే కంప్యూటరు, ఇద్దరో ముగ్గురో మనుషులు. ఇన్సులిన్ లాంటి మందులు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. అందుకని ఫ్రిజ్ తప్పనిసరి. ఉండాల్సిందే, కాదనను. చాలా మందుల అట్టపెట్టెల మీద 30 డిగ్రీలకు మించిన వేడిలో ఉంచవద్దని కూడా రాసి ఉంటుంది. మే నెలలో, రెంటచింతలలోనో రామగుండంలోనో, మధ్యాహ్నం రెండు గంటలప్పుడు, రేకుల కప్పు కింద ఉన్న షాపులో ఎంత వేడి ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ వేడిలో మందు చెడిపోతుందని ఒప్పుకుంటాం. మరి అదే గదిలో నిలబడి, అరచేతంత కాగితం మీద గజిబిజి రాత చదువుతున్న మనిషి సంగతి? షాపులో ఒక ఏసీ పెడితే మందుకూ మేలు, మనిషికీ మేలు. ఇంత తేలిగ్గా దొరికే పరిష్కారం ఈ సమస్యలో ఇంకొకటి లేదు.

ఇక చప్పుడు. డబ్బులు పడినప్పుడల్లా ఇన్ని రూపాయలు వచ్చాయని గట్టిగా అరిచే పెట్టె ఒకటి కౌంటరు మీద. ఫోను మోగుతుంది. వాట్సాప్‌లో చీటీ ఫొటోలు వచ్చి పడుతుంటాయి. రోడ్డు మీద హారన్లు. వీటన్నిటి మధ్య మాత్రలు లెక్కపెట్టాలి. పేరు చదవాలి. మోతాదు చూడాలి.

పేర్లంటే గుర్తొచ్చింది. 2001లో సుప్రీంకోర్టు ముందుకు రెండు మందుల కంపెనీల తగాదా ఒకటి వచ్చింది. ఒక మందు పేరు ఫాల్సిగో. ఇంకో మందు పేరు ఫాల్సిటాబ్. రెండూ ప్రమాదకరమైన మలేరియాకే. కానీ లోపలి మందు వేరు. ఒకటి ఇంజక్షను, ఒకటి మాత్ర. మిగతా సరుకుల పేర్లు కలిసిపోతే డబ్బు నష్టం, మందుల పేర్లు కలిసిపోతే ప్రాణనష్టం, అందువల్ల ఇక్కడ మరింత కఠినంగా ఉండాలన్నది ఆ తీర్పు సారాంశం. తీర్పు వచ్చి రెండు దశాబ్దాలు దాటింది. ఇప్పటికీ ఒక అక్షరం తేడా ఉన్న మందులు మన షాపుల్లో పక్కపక్కనే కూర్చుని ఉంటాయి. వాటిని విడదీసి చూడాల్సింది మళ్ళీ ఆ ఆఖరి కళ్ళే. పన్నెండో గంట పని చేస్తున్న కళ్ళు.

అలసిన కళ్ళు ఏం చేస్తాయో ఇంగ్లండులో జరిగిన ఒక సంఘటన చెబుతుంది. 2007లో అక్కడ ఒక సూపర్‌మార్కెట్‌లోని ఫార్మసీలో ఒక ఫార్మసిస్టు, ప్రెడ్నిసొలోన్ ఇవ్వాల్సిన చోట ప్రొప్రనొలోల్ ఇచ్చింది. ఈ రెండు మందులూ మన మెడికల్ షాపుల్లోనూ ఉన్నవే. ఒకటి స్టెరాయిడ్. ఇంకొకటి గుండెదడ తగ్గించేది. ఆ రోజు ఆమె సరైన విరామం లేకుండా గంటల తరబడి పనిచేసింది. కేసు పెట్టారు. 2009లో కోర్టు జైలుశిక్ష వేసి, దాన్ని అమలు చేయకుండా నిలిపి ఉంచింది. మరుసటి ఏడు అప్పీలులో ఆ శిక్ష తీసేసి జరిమానాతో సరిపెట్టారు.

ఆ కేసు తర్వాత అక్కడి ఫార్మసిస్టులు వణికిపోయారు. వణికినవాళ్ళు ఏం చేస్తారు? పొరపాటు జరిగితే చెప్పరు. దాచేస్తారు. దాచిన పొరపాటు నుంచి ఎవరూ ఏమీ నేర్చుకోలేరు. రేపు ఇంకో షాపులో అదే పొరపాటు జరుగుతుంది. ఈ సంగతి అక్కడి ప్రభుత్వం గ్రహించి, 2018లో చట్టం మార్చింది. కావాలని చేయని పొరపాటు జరిగి, దాన్ని దాచకుండా చెప్పిన ఫార్మసిస్టును నేరస్తుడిగా నిలబెట్టకుండా ఒక రక్షణ కల్పించింది. నిర్లక్ష్యాన్ని వెనకేసుకొచ్చే చట్టం కాదది. పొరపాటును బయటికి రప్పించే చట్టం. మనకూ అలాంటిది కావాలని నేనంటాను. మన దగ్గర ఇప్పుడున్న పద్ధతి ఏమిటి? తప్పు మందు వెళ్ళిందని తెలిస్తే, కుర్రాడు బండేసుకుని ఆ ఇంటికి పరిగెత్తి, మందు మార్చి, "ఎవరితో అనకండి" అని బతిమాలి వస్తాడు. మార్చడం మంచిదే. ఎవరితోనూ అనకపోవడమే చెడ్డది.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వద్దాం. ఇది చెబితే మా వృత్తిలోవాళ్ళకే కొందరికి కోపం వస్తుంది. రానివ్వండి.

1948 నాటి ఫార్మసీ చట్టం ప్రకారం, డాక్టరు చీటీ మీద మందు ఇవ్వాల్సింది రిజిస్టరైన ఫార్మసిస్టే. మందుల నిబంధనలు కూడా అదే చెబుతాయి. ఆయన స్వయంగా ఇవ్వాలి, లేదా ఆయన కళ్ళముందు ఇవ్వాలి. 2015లో ఇంకొన్ని నిబంధనలు వచ్చాయి. తెల్లకోటు వేసుకోవాలి. పేరూ, రిజిస్ట్రేషన్ నంబరూ ఉన్న బ్యాడ్జీ పెట్టుకోవాలి. మందు ఎలా వాడాలో రోగికి విడమరచి చెప్పాలి. చాలా మంచి మాటలు.

మరి మన ఊళ్ళో జరిగేదేమిటి? షాపు గోడకు అద్దాల ఫ్రేములో ఒక సర్టిఫికెట్టు వేలాడుతుంటుంది. దాని మీద ఒక ఫొటో. ఆ ఫొటోలోని మనిషి షాపులో ఉండడు. ఎక్కడో వేరే ఉద్యోగం చేసుకుంటుంటాడు. సర్టిఫికెట్టుకు నెల నెలా అద్దె తీసుకుంటాడు. మందులిచ్చేది, టెన్త్ తర్వాత పనిలో చేరి అనుభవం మీద నేర్చుకున్న కుర్రాడు. ఆ కుర్రాణ్ణి నిందించాలని నాకు లేదు. వాడు కూడా పొద్దున్నించి నిలబడే ఉంటాడు. వాడి కడుపు కూడా కాలుతూనే ఉంటుంది.

యజమాని వైపు నుంచి చూడండి. కాగితం తక్కువ అద్దెకు దొరుకుతున్నప్పుడు మనిషికి నిండు జీతం ఎందుకిస్తాడు? గోడ మీద కాగితం ఉంటే తనిఖీ గట్టెక్కుతుందనుకుంటాడు. కాబట్టి, నిజంగా రోజూ వచ్చి కౌంటరు వెనక నిలబడే ఫార్మసిస్టుకు బేరమాడే బలం ఉండదు. "నీకిష్టం లేకపోతే మానెయ్, సర్టిఫికెట్లు బోలెడు" అంటాడు యజమాని. ఇంటర్ తర్వాత రెండేళ్ళు డిప్లొమా చదివినవాళ్ళు, నాలుగేళ్ళు బీఫార్మసీ చదివినవాళ్ళు ఈ మాట పడుతున్నారు. మళ్ళీ చెబుతున్నాను, ఎందుకంటే ఇదే కీలకం. సర్టిఫికెట్టు అద్దెకిచ్చినంత కాలం, నిలబడి పనిచేసేవాళ్ళ జీతం పెరగదు. వాళ్ళ పని గంటలు తగ్గవు.

ఈ మాట క్లాసులో అంటే పిల్లలు తలొంచుకునేవారు. ఒకడు మాత్రం లేచి నిలబడి, "మేడమ్, షాపులో ఇచ్చే జీతంతో ఇంటద్దె కూడా కట్టలేం. సర్టిఫికెట్టు అద్దె, వేరే ఉద్యోగం జీతం రెండూ కలిస్తే బతకొచ్చు. మీరే చెప్పండి, ఏది చేయమంటారు?" అన్నాడు. వాడి లెక్క తప్పని నేను అనలేకపోయాను. జీతం తక్కువ కాబట్టి అద్దెకిస్తారు. అద్దెకిస్తారు కాబట్టి జీతం తక్కువ. ఈ ముడి ఏదో ఒక కొస నుంచి విప్పాలి. విప్పాల్సిన కొస తనిఖీ వైపు ఉందని నా అభిప్రాయం. ఫార్మసిస్టు లేని షాపు నడవదని తేలిపోతే, ఉన్న ఫార్మసిస్టుకు గిరాకీ దానంతటదే వస్తుంది.

పెద్ద పెద్ద చైన్ షాపుల్లో సంగతి కొంచెం వేరు. అక్కడ సర్టిఫికెట్టుతో పాటు మనిషీ ఉంటాడు. ఏసీ ఉంటుంది. నెల తిరిగేసరికి జీతం పడుతుంది. అక్కడి బాధ టార్గెట్లు. ఈ నెల ఇన్ని విటమిన్ డబ్బాలు పోవాలి, బిల్లు ఇంత రావాలి అని లెక్కలు. బీపీ మాత్రల కోసం వచ్చిన పెద్దాయనకు ప్రొటీన్ పొడి అంటగట్టమంటే, చదువుకున్న మనిషికి లోపల ఎలా ఉంటుంది? అమెరికాలో కూడా ఇదే గొడవ. కాలిఫోర్నియాలో చైన్ ఫార్మసీలు ఫార్మసిస్టుల మీద కోటాలు పెట్టకూడదని చట్టమే చేశారు. ఫార్మసిస్టు చేత ఒంటరిగా, సాయం లేకుండా పని చేయించకూడదనీ చట్టం చేశారు. అయినా 2023లో ఆ దేశంలో పెద్ద చైన్ షాపుల ఫార్మసిస్టులు పనిభారం మోయలేక డ్యూటీ మానేసి బయటికి వచ్చారు. మన పిల్లలు కూడా చాలామంది అక్కడ ఫార్మసీ ఉద్యోగాలు చేస్తున్నారు కదా, వాళ్ళనడగండి, చెబుతారు.

సర్కారు వైపు కూడా చూడాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళండి. మందులిచ్చే చోట ఒక కిటికీ. ఇనుప ఊచలు. మధ్యలో చెయ్యి పట్టేంత సందు. ఇవతల రోగి వంగి మాట్లాడాలి. అవతల ఫార్మసిస్టు కేకేసి చెప్పాలి. ఒకమ్మాయి కుటుంబ నియంత్రణ మాత్రల కోసం వచ్చిందనుకోండి. వరసలో ఆమె వెనకే మామగారి వరసయ్యే మనిషి ఎవరో నిలబడి ఉంటాడు. ఆమె ఏమడుగుతుంది? ఫార్మసిస్టు ఏం చెబుతాడు? రెండు వైపులా మౌనం. మందు చేతులు మారుతుంది, అంతే.

ఓపీ అయ్యాక ఆ ఫార్మసిస్టు పని అయిపోలేదు. స్టాకు రిజిస్టరు రాయాలి. ఈ-ఔషధి అనే ఆన్‌లైన్ పద్ధతిలో లెక్క ఎక్కించాలి. ఇండెంటు పెట్టాలి. మందుల పెట్టెలు వస్తే దింపించుకోవాలి. చాలా కేంద్రాల్లో ఫార్మసిస్టు ఒక్కరే. ఆ ఒక్కరూ సెలవు పెడితే కిటికీలో నర్సమ్మ కూర్చుంటుంది, ఆమె పని వదులుకుని. అందుకే సెలవు పెట్టడానికి వాళ్ళు జంకుతారు. జ్వరంతోనే వచ్చి జ్వరం మాత్రలు ఇస్తారు. అక్కడ కావాల్సింది రెండో మనిషి. లెక్కలు ఎక్కించే మనిషిని ఇస్తే, ఫార్మసిస్టు రోగితో మాట్లాడగలుగుతాడు. ఊచలు తీసేసి ఒక బల్ల, అటో కుర్చీ, ఇటో కుర్చీ వేస్తే ఇంకా మంచిది.

కుర్చీ అన్నాను కదా. ఈ కుర్చీ కోసం మన దక్షిణాదిలో పెద్ద పోరాటమే జరిగింది. కేరళలో కోళికోడ్ బట్టల షాపుల్లో ఆడవాళ్ళు పొద్దున్నించి రాత్రిదాకా నిలబడే ఉండాలి. గిరాకీ లేకపోయినా కూర్చోకూడదు. విజి అనే ఒక దర్జీ వాళ్ళను కూడగట్టింది. మాకు కూర్చునే హక్కు కావాలన్నారు. నవ్వినవాళ్ళు నవ్వారు. 2018లో కేరళ తన దుకాణాల చట్టాన్ని సవరించి, పనిచేసేవాళ్ళకు కూర్చునే వీలు కల్పించాలని రాసింది. 2021లో తమిళనాడు కూడా అదే చేసింది. మన దగ్గర చాలా మందుల షాపుల్లో కూర్చునే స్టూలు ఇప్పటికీ యజమాని దయ మీదే ఉంది. ఏటా సెప్టెంబరు 25న ప్రపంచ ఫార్మసిస్టుల దినోత్సవం జరుపుతారు. సభలు పెడతారు, శాలువాలు కప్పుతారు. ఈసారి శాలువాల ఖర్చుతో స్టూళ్ళు కొనమని నా సలహా.

మరి వింటున్న మీరేం చేయొచ్చు? పెద్ద పనులేం కాదు. షాపుకు వెళ్ళినప్పుడు "ఇక్కడ ఫార్మసిస్టు ఎవరండీ?" అని అడగండి. గొడవ పెట్టుకోవద్దు. మామూలుగా అడగండి. నలుగురు నాలుగుసార్లు అడిగితే యజమాని ఆలోచనలో పడతాడు. మీ ముందున్న పెద్దావిడకు ఫార్మసిస్టు ఏదో చెబుతుంటే తొందర పెట్టకండి. ఆమెకిచ్చే ఆ రెండు నిమిషాలు రేపు మీ అమ్మకూ కావాలి. కొత్త మందు తీసుకుంటున్నప్పుడు, ఎప్పుడు, ఎలా, ఎన్నాళ్ళు అని మీరే అడగండి. అడిగేవాళ్ళుంటే చెప్పే మనిషి అవసరం తెలుస్తుంది.

ప్రభుత్వానికి ఒక విన్నపం చేసి ముగిస్తాను. డ్రగ్స్ ఇన్‌స్పెక్టరు షాపుకు వస్తే లైసెన్సు చూస్తారు. కొనుగోలు బిల్లులు చూస్తారు. ఫ్రిజ్ తెరుస్తారు. కాలం చెల్లిన మందులు విడిగా పెట్టారా లేదా చూస్తారు. ఫార్మసిస్టు ఉన్నాడా అని అడుగుతారు. ఉంటే, ఆ మనిషిని ఇంకో మూడు ప్రశ్నలు అడగమనండి. పొద్దున ఎన్నింటికి వచ్చావు? రాత్రి ఎన్నింటికి వెళ్తావు? మధ్యాహ్నం అన్నం ఎక్కడ తిన్నావు? యజమాని ఎదుట కాదు, కాస్త పక్కకు పిలిచి అడగాలి. లేకపోతే అన్ని షాపుల్లోనూ ఒకటే జవాబు వస్తుంది. ఆ జవాబులు రాసిన కాగితం నకలు ఒకటి కార్మిక శాఖకు పంపితే, 48 గంటల చట్టాన్ని అమలు చేయాల్సిన అధికారులు అక్కడే ఉన్నారు.